సొమ్మొకరిది, సోకొకరిది: అంతర్జాలంలో పేరును కాపాడుకోవడం

ఆంగ్ల వర్ణమాలలో మూడవ అక్షరమైన 'సి'కి వెల కట్టవలసి వస్తే ఎంత కట్టాలి? ఇది హాస్యానికి వేసిన ప్రశ్న కాదు. 2016 మార్చిలో అమెరికాకు చెందిన ఎండ్‌గేమ్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ ఉద్యోగి ఒకరు, అప్పుడే విడుదలైన 'హౌస్ ఆఫ్ కార్డ్స్' ధారావాహిక నాలుగవ భాగాన్ని చూడదలచి 'నెట్‌ఫ్లిక్స్ డాట్ కామ్' అని కొట్టబోయారు. తొందరలో 'కామ్' లోని మొదటి అక్షరం జారిపోయింది. తెరమీద ధారావాహిక ప్రత్యక్షం కాలేదు. "మీ ఫ్లాష్ ప్లేయర్ పాతబడింది, కొత్తది దించుకొనండి" అనే భావంతో ఒక ప్రకటన వచ్చి కూర్చున్నది. వృత్తిరీత్యా అనుమానం సహజం కనుక ఆ సంస్థవారు తీగ లాగారు, డొంకంతా కదిలింది. లోకప్రసిద్ధమైన వ్యాపార సంస్థల పేర్లను మూడు వందలకు పైగా ఎవరో 'డాట్ ఓఎమ్' అనే ముగింపుతో ముందే నమోదు చేయించి పెట్టుకొన్నారు. మాకింటాష్ కంప్యూటరుతో దారి తప్పి వచ్చినవారికి ఫ్లాష్ పేరిట జెనియో అనే ప్రకటనల పురుగును అంటగట్టడం వారి వ్యాపారం.

ఆ 'డాట్ ఓఎమ్' ఎవరిది? సుల్తానేట్ ఆఫ్ ఒమాన్‌ది. ప్రతి దేశానికీ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ రెండక్షరాల సంకేతం ఒకటి కేటాయించింది. ఆ పట్టికలో భారతదేశానికి 'ఐఎన్' వచ్చినట్లే ఒమానుకు 'ఓఎమ్' వచ్చింది. 1996 ఏప్రిల్‌లో ఆ ముగింపు అంతర్జాలపు మూలపట్టికలో చేరింది. ప్రపంచంలో అత్యధికంగా వాడబడే 'కామ్' నుండి ఒక్క అక్షరం జారితే మిగిలేది సరిగ్గా అదే కావడం ఒమాను చేసిన తప్పు కాదు. ఆ యాదృచ్ఛికతను సొమ్ము చేసుకొన్నవారు వేరు, దాని వలన చెడ్డపేరు మోసినది వేరు. సొమ్మొకరిది, సోకొకరిది అన్న మన సామెతకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకదు.

ఒమానులో లక్షలాది భారతీయులు జీవిస్తున్నారు. వారిలో తెలుగువారి సంఖ్య స్వల్పమైనది కాదు. మస్కట్, సలాలా, సొహార్ పట్టణాలలో ఉగాదికీ సంక్రాంతికీ కలుసుకొనే తెలుగువారికి అంతర్జాల మోసం అంటే బ్యాంకు ఖాతాలోని డబ్బు పోవడమనే తెలుసు. పేరు పోవడం, తన ఇంటికి రావలసిన అతిథి దొంగ ఇంటికి చేరడం కూడా మోసమేననీ, దానికి తామూ గురి కావచ్చుననీ ఆలోచించినవారు తక్కువ. ఆ ఆలోచన ఇప్పుడు అవసరం.

పేరు వెనుక ఉన్న యంత్రాంగం

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెలతో గుర్తుపడతాయి. మనిషికి అంకెలకంటె పేర్లు సులభం. ఈ రెంటికీ వంతెనగా 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించాడు. 1985 మార్చి 15న 'డాట్ కామ్'తో మొట్టమొదటి పేరు నమోదయింది. నాటినుండి నేటివరకు మౌలిక సూత్రం మారలేదు. పాఠకుడు ఒక పేరు కొట్టగానే, ఆ పేరు ఎవరి పేరున నమోదై ఉన్నదో వారి యంత్రానికి అతడు చేర్చబడతాడు. ఆ యజమాని యోగ్యుడా అయోగ్యుడా అన్న విచారణ ఆ వ్యవస్థ పని కాదు. ఉత్తరం మీది చిరునామాను చూసి పోస్టుమాన్ ఆ ఇంట్లో వేసి వెళ్ళినట్లే ఇదీను. పక్క వీధిలో అదే ఇంటిపేరుతో బోర్డు కట్టుకొన్న మోసగాడిని పోస్టుమాన్ పట్టుకోడు.

మూడక్షరాల 'కామ్' నుండి ఏ అక్షరం జారినా ఏదో ఒక దేశం తగులుతుంది. నడిమి అక్షరం జారితే కామెరూన్, చివరిది జారితే కొలంబియా, మొదటిది జారితే ఒమాన్. 2006లో కామెరూన్ ముగింపులో ఒక విచిత్రమైన ఏర్పాటు జరిగింది. ఎవరూ నమోదు చేయని పేరును కొట్టినా సరే, లేదని చెప్పవలసింది పోయి, ప్రకటనలు నిండిన ఒక పుటకు చేర్చేవారు. ఫలితమేమిటి? 2009లో మెకాఫీ సంస్థ ప్రపంచంలోని ముగింపులను పరీక్షించి, అన్నిటికంటె ప్రమాదకరమైనది కామెరూన్‌దేనని తేల్చింది. ఆ దేశపు నిజాయితీపరుడైన వర్తకుడు తన దేశపు పేరుతో దుకాణం తెరిస్తే, దానిని ప్రపంచం అనుమానంతో చూసే పరిస్థితి దాపురించింది. దేశపు ముగింపు కూడా ఊరి చెరువు వంటిదే. ఒకరు కలిపిన విషాన్ని ఊరంతా తాగవలసి వస్తుంది.

రాకపోకలకు వెల ఉన్నదా?

ఎవరో దారి తప్పి వస్తే మోసగాడికి ఒరిగేదేమిటన్న సందేహం కొందరికి కలుగవచ్చు. ఇందుకు తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. హైదరాబాదు కేంద్రంగా ఎదిగిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ వారి అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే 1999 నవంబరులో ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల సముదాయాన్ని కొనడానికి ఒప్పందం కుదుర్చుకొన్నది. ధర 499 కోట్ల రూపాయలు. కర్మాగారం లేదు, భూమి లేదు. ఉన్నవి కొన్ని పేర్లు, ఆ పేర్లను వెతుక్కొంటూ రోజూ వచ్చే పాఠకులు. ఆ ధర అధికమా కాదా అన్న చర్చ అటుంచితే, పాఠకుల రాకపోకలకు వెల ఉన్నదని దేశానికి తెలిసిన సందర్భం అది.

వెల ఉన్నచోటికి ఇతరుల చూపు వెళ్ళడం సహజం. సత్యం ఇన్ఫోవే తన పేరులోని అక్షరాలను కలిపి 'సిఫీ' అనే మాటను కల్పించుకొని 1999లో దానితో పలు పేర్లను నమోదు చేయించుకొన్నది. 2001లో మరొక సంస్థ 'సిఫీ'కి ఒక 'ఎఫ్' అక్షరం అదనంగా చేర్చి, 'నెట్' తగిలించి పేర్లు పుచ్చుకొన్నది. బెంగుళూరు సివిల్ కోర్టు తాత్కాలిక నిషేధం విధించగా, కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసింది. చివరకు 2004 మేలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని పునరుద్ధరించింది. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదనీ, వ్యాపార చిహ్నం చేసే పనినే అదీ చేస్తుందనీ, ఒకరి పేరును పోలిన పేరుతో పాఠకుడిని దారి మళ్ళిస్తే చట్టం ఊరుకోదనీ ఆ తీర్పు సారాంశం. మన దేశంలో ఈ విషయమై సుప్రీంకోర్టు స్థాయిలో వెలువడిన మార్గదర్శకమైన తీర్పు అది.

మూడు రకాల చౌర్యం

రాకపోకలను తస్కరించే పద్ధతులు అనేకమైనా వాటిని మూడు తరగతులుగా విభజించవచ్చు.

మొదటిది పోలిక. అక్షరం జారినా, తారుమారైనా, ముగింపు మారినా పాఠకుడు తమ వలలో పడేటట్లు ముందే పేర్లు కొని కూర్చోవడం. ఒమాను ఉదంతం ఈ కోవలోనిది. ఇందులో తెలుగు లిపికి కూడా చోటు ఉన్నదన్నది చాలామందికి తెలియని సంగతి. మన సున్నకూ ఆంగ్లంలోని 'ఓ' అక్షరానికీ కంటికి కనిపించే భేదం అత్యల్పం. యూనికోడ్ వారు ప్రకటించిన పోలిక అక్షరాల పట్టికలో మన సున్న కూడా ఉన్నది. తెలుగు, కన్నడ లిపులలో ఒకే రూపం గల అక్షరాలు ఎన్నో ఉన్నాయి. భారతదేశానికి తెలుగు లిపిలోనే 'భారత్' అనే ముగింపు ఏర్పడిన ఈ కాలంలో, ఒక లిపిలోని పేరును మరొక లిపిలో అనుకరించే ప్రమాదాన్ని గుర్తించి, పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ ఆధ్వర్యంలోని పండితమండలి ఈ రెండు లిపుల జంట అక్షరాలను గుర్తించి, మూలపట్టికలోని ముగింపులకు నియమాలు చేసింది. సోదర లిపుల పోలిక సాహిత్యాభిమానికి ఆనందం, మోసగాడికి అవకాశం.

రెండవది ఆక్రమణ. డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. ఏడాదికో, గరిష్ఠంగా పదేళ్ళకో అద్దెకు తీసుకొంటారు. గడువు తీరిన పిదప 'డాట్ కామ్' వంటి ముగింపులలో కొంత వెసులుబాటు కాలం, ఆపైన అధిక రుసుముతో విడిపించుకొనేందుకు 30 రోజులు, తుది తొలగింపుకు 5 రోజులు ఉంటాయి. ఆ తరువాత అది ఎవరిదైనా కావచ్చు. పాత యజమాని ఏళ్ళ తరబడి సంపాదించిన పేరుప్రతిష్ఠలు, ఇతరులు ఇచ్చిన లంకెలు, పాఠకుల అలవాటు, అన్నీ కొత్త యజమాని పరమవుతాయి. 2015 నవంబరులో 'సైన్స్' పత్రిక ఒక పరిశోధనాత్మక కథనం ప్రచురించింది. శాస్త్ర పత్రికల పేర్లు గడువు తీరగానే మోసగాళ్ళు చేజిక్కించుకొని, నకిలీ పత్రికలు తెరిచి, వ్యాసాలు అచ్చువేస్తామని పరిశోధకుల నుండి రుసుములు వసూలు చేస్తున్నారని అందులో వెల్లడైంది. అది ఎంత సులభమో నిరూపించడానికి ఆ విలేఖరి స్వయంగా ఒక క్రొయేషియా కళాపత్రిక పేరును కొని చూపాడు. ఈ బెడద ఎంత ముదిరినదంటే, 2022 నుండి 'రిట్రాక్షన్ వాచ్' వారు ఇటువంటి అపహృత పత్రికల పట్టికను ప్రత్యేకంగా నిర్వహించవలసి వచ్చింది. డాక్టరేటు పట్టాలున్నవారే మోసపోతున్నప్పుడు సామాన్యుడి మాట చెప్పనక్కరలేదు.

మూడవది లంకెల దుర్వినియోగం. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు సెర్గీ బ్రిన్, లారీ పేజ్‌లు ప్రతిపాదించిన 'పేజ్‌ర్యాంక్' పద్ధతిలో ఒక పుట మరొక పుటకు ఇచ్చే లంకె ఓటు వంటిది. ఏ పుటకు గౌరవనీయమైన చోట్ల నుండి ఎక్కువ లంకెలు ఉంటాయో దానికి అన్వేషణలో పైస్థానం. శాస్త్ర వ్యాసాలలో ఉదహరింపులను లెక్కించే పద్ధతిని యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లోనే అమలులో పెట్టాడు. పేజ్‌ర్యాంక్ దానికి తమ్ముడు. ఉదహరింపులను కృత్రిమంగా పెంచుకొనే ముఠాలు శాస్త్రరంగంలో పుట్టినట్లే, లంకెలను పండించే తోటలు అంతర్జాలంలో పుట్టాయి. ఇతరుల రచనలను యథాతథంగా ఎత్తి తమ పుటలలో పెట్టుకొనేవారు, ఇతరుల పుటలలో దొంగచాటుగా తమ లంకెలు చొప్పించేవారు బయలుదేరారు. గూగుల్ 2005 జనవరిలో 'ఈ లంకెను ఓటుగా లెక్కించవద్దు' అని చెప్పే సంకేతాన్ని ప్రవేశపెట్టింది. 2012 ఏప్రిల్‌లో 'పెంగ్విన్' అనే సవరణతో దొంగ లంకెలకు శిక్ష విధించడం మొదలుపెట్టింది. అదే ఏడు అక్టోబరులో, తమకు అక్కరలేని లంకెలను త్యజించే సదుపాయాన్ని వెబ్‌సైట్ల యజమానులకు కల్పించింది. 2024 మార్చిలో, గడువు తీరిన పేర్లను కొని వాటి పూర్వ గౌరవంతో చెత్తను అమ్ముకోవడాన్ని పేరు పెట్టి మరీ నిషేధించింది. ఈ వరుసను చూస్తే ఒక విషయం స్పష్టం. కాపలా పెరిగినకొద్దీ కన్నం వేసే చోటు మారుతున్నదే కాని దొంగతనం ఆగలేదు.

ధోఫార్ లుబాన్ చెప్పే పాఠం

సరైన పరీక్ష లేనిదే నకిలీని గుర్తించలేమన్న సత్యాన్ని ఒమాను నేలలోనే పుట్టిన ఒక పదార్థంతో వివరించవచ్చు. దక్షిణ ఒమానులోని ధోఫార్ ప్రాంతంలో బాస్వెల్లియా సాక్రా అనే చెట్టు గాటు నుండి కారే బంకయే లోకప్రసిద్ధమైన లుబాన్. ఇది మన అడవులలోని అందుగు చెట్టుకు దగ్గరి చుట్టం. ఆ లుబాన్ భూమిని 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మస్కట్‌లోని మత్రా బజారులో అడుగుపెట్టినవారికి మొదట తగిలేది దాని పరిమళమే.

సోమాలియా ప్రాంతం నుండి బాస్వెల్లియా కార్టెరి పేరిట వచ్చే బంక కూడా చూపుకు ఇటువంటిదే. రెండింటి తైలాలలోనూ ప్రధానాంశం ఆల్ఫా-పైనీన్ అనే పదార్థమే. ఆ అణువు కుడి చేయి, ఎడమ చేయి వలె ఒకదానికొకటి అద్దంలోని ప్రతిబింబమైన రెండు రూపాలలో ఉంటుంది. రెండింటి సాంకేతికం ఒకటే, బరువు ఒకటే, మరుగు స్థానం ఒకటే. సాధారణ గ్యాస్ క్రొమటోగ్రఫీ గొట్టంలో రెండూ ఒకే సమయానికి బయటికి వస్తాయి. కాని ధ్రువిత కాంతిని ఆ తైలాల గుండా పంపి చూస్తే రహస్యం బయటపడుతుంది. 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో సాక్రా తైలం కాంతిని సుమారు 30 డిగ్రీలు కుడివైపుకు, కార్టెరి తైలం సుమారు 13 డిగ్రీలు ఎడమవైపుకు తిప్పినట్లు తేలింది. వాసన చూసి, రంగు చూసి తీర్పు చెప్పేవారు ఈ భేదాన్ని పట్టలేరు.

వెబ్‌సైట్ల విషయంలోనూ ఇంతే. రంగులు, బొమ్మలు, ముద్రలు అన్నీ నకలు తీయడం నిమిషాల పని. చిరునామా పక్కన తాళం బొమ్మ కనిపిస్తే అంతా క్షేమమని చాలామంది భావిస్తారు. ఆ తాళం చెప్పేది ఒక్కటే, మధ్యదారిలో ఎవరూ మీ మాటలు వినలేరని. అవతలివాడు సత్యవంతుడని అది చెప్పదు. 2015 నుండి ఆ తాళానికి కావలసిన పత్రాలు ఉచితంగానే లభిస్తున్నాయి. సజ్జనులకు ఎంత సులభంగా దొరుకుతాయో దుర్జనులకూ అంతే సులభంగా దొరుకుతాయి. తాళాన్ని నమ్మడం సాధారణ గొట్టంలో లుబాన్‌ను పరీక్షించడం వంటిది.

మరి ధ్రువిత కాంతి వంటి పరీక్ష ఏది? ఒమానులో ఉన్నవారికి అది నేర్పనక్కరలేదు, అరబ్బీ బోర్డులు రోజూ చూస్తూనే ఉన్నారు. చిరునామాలో ఆరంభంలోని జంట గీతలను విడిచి, ఆ పిమ్మట వచ్చే తొలి గీత వద్ద ఆగి, అక్కడి నుండి అరబ్బీ చదివినట్లు కుడి నుండి ఎడమకు చదవాలి. ఒమాను వీసా చిరునామాను ఇలా చదివితే మొదట 'ఓఎమ్', అంటే ఒమాన్. తరువాత 'గవ్', అంటే ప్రభుత్వం. తరువాత 'ఆర్ఓపీ', అంటే రాయల్ ఒమాన్ పోలీస్. చివరగా 'ఈవీసా' వస్తాయి. ఇదే మాటలను అడ్డగీతలతో కలిపి కుట్టి, కుడి కొసన వేరే పేరు, వేరే ముగింపు పెడితే అది పోలీసులది కాదు, ఆ కుడి కొసన ఉన్నవారిది. ఎడమవైపు ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. యజమాని ఎవరో చెప్పేది కుడి కొస.

నష్టపోయేది ఎవరు?

ధనిక సంస్థలు తమ పేరును పోలిన పేర్లను ముందే కొనిపెట్టుకొంటాయి. అలా కుదరనప్పుడు న్యాయానికి వెళతాయి. 1999లో ఐకాన్ ఒక వివాద పరిష్కార విధానాన్ని తెచ్చింది. దాని కింద జెనీవాలోని ప్రపంచ మేధాసంపత్తి సంస్థ ముందు ఫిర్యాదు చేయవచ్చు. కాని ఏక సభ్య విచారణకే 1,500 డాలర్ల రుసుము చెల్లించాలి. అదీగాక ఆ విధానం 'కామ్' వంటి సార్వత్రిక ముగింపులకు తప్పనిసరి, దేశాల ముగింపులకు మాత్రం ఆయా దేశాలు అంగీకరిస్తేనే. సభ్యుల చందాలతో పండుగ జరుపుకొనే సంఘానికి ఇది మోయలేని భారం. చట్టాలు లేవని కాదు. ఒమానులో 2008 నాటి కాపీరైటు చట్టం, 2011 నాటి సైబర్ నేరాల చట్టం ఉన్నాయి. భారతదేశంలో కంప్యూటరు ద్వారా మరొకరి వేషం వేసి మోసగించడం సమాచార సాంకేతిక చట్టం కింద నేరం. కాని చట్టం దొంగ వెనుక పరుగెత్తుతుంది, దొంగకు ముందు నిలువదు.

అన్నిటికంటె ఆందోళన కలిగించేది వలస కార్మికుని స్థితి. జగిత్యాల నుండో, రాజంపేట నుండో, కోనసీమ నుండో గల్ఫుకు రాదలచినవాడు తన ఫోనులో కనిపించిన తొలి పుటనే నమ్ముతాడు. అది నియామక సంస్థ పుటో, దాని నకలో అతనికి తెలియదు. 1983 నాటి వలసల చట్టం కింద నమోదైన ఏజెంట్ల పట్టికను భారత ప్రభుత్వం 'ఈ-మైగ్రేట్' అనే వెబ్‌సైటులో ఉంచింది. పాస్‌పోర్టు దరఖాస్తుల పేరిట నకిలీ వెబ్‌సైట్లు నడుస్తున్నాయని విదేశాంగ శాఖ పేర్లతో సహా హెచ్చరించింది. నిజమైన రెండింటి చిరునామాల కుడి కొసన 'గవ్ డాట్ ఇన్' ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియకపోవడం వలన పొలం తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము ఎవరి సంచిలోకో పోతుంది. నెట్‌ఫ్లిక్స్‌కు పోయిన ఒక ప్రేక్షకుడు మరునాడు తిరిగి వస్తాడు. ఇతని సొమ్ము తిరిగి రాదు.

సంఘాలు చేయవలసినది

ప్రవాస తెలుగు సంఘాలకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది. ఎందుకనగా కొత్తగా వచ్చినవాడు సంఘం పుటలో కనిపించిన లంకెను సంఘం మాటగా స్వీకరిస్తాడు. ఆ పుటే పరాధీనమైతే? చిన్న సంఘాలలో తరచు జరిగే విధానాన్ని గమనించండి. ఉత్సాహవంతుడైన ఒక కార్యదర్శి తన సొంత ఈమెయిలుతో, తన కార్డుతో, తన ఒమాను ఫోను నంబరుతో పేరును నమోదు చేయిస్తాడు. రెండేళ్ళకు కాంట్రాక్టు ముగుస్తుంది, అతడు దుబాయికో హైదరాబాదుకో తరలిపోతాడు. ఫోను నంబరు రద్దవుతుంది, కార్డు గడువు తీరుతుంది. రెన్యూవల్ హెచ్చరికలు ఎవరూ తెరవని పెట్టెలో పడతాయి. రహస్య సంఖ్య రద్దయిన ఫోనుకు పోతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు; ఇక్కడ ఇంటివారు దొంగలు కారు, నిర్లక్ష్యం దొంగ. ఒకనాడు ఉగాది పంచాంగ శ్రవణం కోసం పుట తెరిచినవారికి జూదశాల ప్రకటన దర్శనమిస్తుంది. సంఘానికి పాతికేళ్ళుగా ఇతరులు ఇచ్చిన లంకెలన్నీ ఆ జూదశాలకు ఓట్లయి కూర్చుంటాయి.

దీనికి పరిష్కారం సాంకేతికమైనది కాదు, పాలనాపరమైనది. సంఘానికి కోశాధికారి పుస్తకం ఎంతటిదో డొమైన్ పేరు అంతటిది. అది వ్యక్తి పేరున కాక సంఘం పేరున ఉండాలి. దాని ఈమెయిలు పదవికి చెందాలి, మనిషికి కాదు. ఒక్కరి చేతిలో కాక కనీసం ఇద్దరి చేతిలో తాళంచెవులు ఉండాలి. ఏటేటా కాక అనేక సంవత్సరాలకు ఒకేసారి రుసుము చెల్లించాలి. అనుమతి లేకుండా పేరు చేతులు మారకుండా నమోదుదారులు ఇచ్చే తాళాన్ని వేసి ఉంచాలి. కార్యవర్గం మారే సర్వసభ్య సమావేశంలో బ్యాంకు నిల్వతోపాటు పేరు గడువు తేదీని కూడా చదివి వినిపించాలి. ఇందులో ఏ ఒక్కదానికీ ఇంజనీరు అక్కరలేదు. మినిట్స్ పుస్తకంలో ఒక పంక్తి చాలు.

రచనలను ఎత్తుకుపోయేవారి విషయంలోనూ మౌనం మంచిది కాదు. 1996 నుండి అంతర్జాల పుటలను భద్రపరుస్తున్న ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తమ సంచికలు చేరేటట్లు చూసుకొంటే, ఎవరు ముందు ప్రచురించారో తేదీతో సహా సాక్ష్యం నిలుస్తుంది. ఆపై దొంగ పుటను మోస్తున్న సంస్థకూ, సెర్చ్ ఇంజనుకూ ఫిర్యాదు చేయడం ప్రతి రచయితకూ ఉన్న హక్కు. అంతకంటె ముఖ్యంగా, తమ పాత పుటలలోని లంకెలను ఏడాదికొకసారి పరిశీలించాలి. మనం ఎప్పుడో మంచివాడికి ఇచ్చిన లంకె ఈనాడు ఎవరి చేతిలో ఉన్నదో చూడకపోవడం, సంతకం చేసిన ఖాళీ చెక్కును వీధిలో వదలివేయడమే.

ప్రభుత్వాలు చేయవలసినది

పేర్ల నమోదును నిర్వహించేవారు లక్షల పేర్లను ఎలా పరిశీలించగలరని కొందరు వాదిస్తారు. నిజాయితీగల ఇద్దరికి ఒకే పేరు ఉండవచ్చుననీ, పేరు పోలినంత మాత్రాన దొంగ కాడనీ మరికొందరంటారు. ఈ వాదాలలో సత్యం లేకపోలేదు. సీతారామయ్యలు ఊరికి పదిమంది ఉంటారు, అందరూ గౌరవనీయులే. కాని లోకప్రసిద్ధమైన పేర్లు వందల సంఖ్యలో కొద్దిమంది చేతిలోకి పోతున్నప్పుడు అది యాదృచ్ఛికమని ఎవరూ నమ్మరు. అటువంటి నమోదులను ఒకసారి ఆపి కారణం అడగడానికి మహా మేధస్సు అక్కరలేదు. ఒమానులో ఆ ముగింపును పర్యవేక్షించేది టెలికమ్యూనికేషన్స్ రెగ్యులేటరీ అథారిటీ. తన అక్షరాలు 'కామ్'కు ఒక్క అడుగు దూరంలో ఉన్నందున ఇతర దేశాలకంటె ఒమానుకు ఎక్కువ జాగ్రత్త అవసరం. అది పరదేశపు సంస్థలకు చేసే ఉపకారం కాదు. 'డాట్ ఓఎమ్' బోర్డు పెట్టుకొన్న నిజ్వా వర్తకుడి పరువు కోసం, సూర్ పడవల తయారీదారు నమ్మకం కోసం. ధోఫార్ లుబాన్ పేరును కాపాడుకొనే దేశం తన పేరులోని రెండక్షరాలను కాపాడుకోవడంలో వెనుకబడకూడదు. 'డాట్ ఇన్'ను, తెలుగు లిపిలోని 'భారత్'ను నిర్వహించే మన దేశానికీ ఈ మాట వర్తిస్తుంది.

పేరు నిలబెట్టడం అనే మాట తెలుగువారి ఇళ్ళలో పిల్లలకు ఉగ్గుపాలతోనే వినిపిస్తుంది. తాతల కాలంలో అది ప్రవర్తనతో నిలిచేది. నేడు ప్రవర్తనతోపాటు గడువు తేదీ కూడా గుర్తుంచుకోవలసి వస్తున్నది. ఏటా సంచిక తెచ్చే ప్రతి సంఘమూ ఈ ఏడు ముఖచిత్రం ఎంపిక చేసే సమావేశంలోనే తన వెబ్‌సైటు పేరు ఎవరి పేరున ఉన్నదో, ఎప్పటివరకు ఉన్నదో ఒక్కసారి అడగాలి. సమాధానం వెంటనే రాకపోతే, ఆ సంవత్సరానికి సంఘం చేయవలసిన మొదటి పని దొరికినట్లే.